మధ్య చిల్లు

పేము కుర్చీ అల్లడం ఇద్దరి పని. ఒకరు పైన కూర్చుని తడి పేము బద్దను చట్రం చిల్లులోకి దింపుతారు. ఇంకొకరు కింద పీట వేసుకుని దాన్ని అందుకుని, బిగువుగా లాగి, పక్క చిల్లులోంచి పైకి పంపుతారు. కింది మనిషి అందుకున్నట్టు వేళ్ళకి తెలిసేదాకా పై మనిషి బద్దను వదలకూడదు. తొందరపడి వదిలితే మెలిక పడుతుంది. మెలిక పడ్డ బద్ద ఎండాక సరిగ్గా అక్కడే విరుగుతుంది.

కుర్చీలమ్మ ఈ మధ్య ఆ రెండు పనులూ తనే చేసుకుంటోంది. కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద. చెల్లెలు కూర్చునే పీట మాత్రం అవతల అలాగే ఉంది. దాని మీద ఎవరినీ కూర్చోనివ్వదు, తీసి పక్కన పెట్టనూ పెట్టదు. షెడ్డు ఊడ్చే మనిషి కూడా దాని చుట్టూ ఊడ్చి వెళ్ళిపోతుంది.

ఆ రోజు కార్ఖానా మేస్త్రీ వచ్చి తిన్నగా ఆ పీట మీదే కూర్చున్నాడు.

ఆమె కంటికి మధ్యలో పొగ కమ్మి ఉంటుంది. చూపు ఇంకా మిగిలింది అంచుల్లోనే. ఎదురుగా ఉన్న మనిషికి మొహం ఉండదు, చెవులూ భుజాలూ ఉంటాయి. కిందకి చూస్తే చెప్పులు కనబడతాయి. మేస్త్రీని ఆమె బూట్ల కిర్రుతో పోల్చుకుంది.

"ఏం పెద్దమ్మా, ఇవాళ ఎన్ని కుర్చీలు దించుతావు?"

"దింపేదీ నేనే, లాగేదీ నేనే. ఎన్నయితే అన్ని నాయనా."

మేస్త్రీ గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. అసలు భయమంతా అదే. అరిచే మనిషయితే, అరుపు అయిపోయాక ఊపిరి పీల్చుకోవచ్చు. ఇతని మాట ఎప్పుడు అయిపోయిందో తెలియదు. ఇంటికి వెళ్ళి భోజనం ముందు కూర్చున్నాక మిగతాది అర్థమవుతుంది.

"ఆదివారం ఓట్లు. మన చిన్నయ్యగారు నిలబడ్డారు, తెలుసుగా."

చిన్నయ్యగారంటే కార్ఖానా యజమానికి తమ్ముడు.

"తెలియకేం. ఏ గోడ మీద చూసినా ఆయనేనట. నాకు కనబడకపోబట్టి గానీ."

మేస్త్రీ నవ్వాడు. తొట్టిలో నానుతున్న బద్దల్లోంచి ఒకటి తీసి వేలికి చుట్టుకుంటూ చెప్పాడు. "చూపు ఆననివాళ్ళకి చట్టం మార్చారు పెద్దమ్మా. మొన్నటిలాగా ఆఫీసరు ముందు నిలబడి నోటితో చెప్పక్కర్లేదు. ఇంట్లోవాళ్ళని ఒకరిని తోడు తెచ్చుకోవచ్చు. ముద్ర వాళ్ళు వేస్తారు. మీ అబ్బాయితో చెప్పాను. వాడు వేస్తే నువ్వు వేసినట్టే."

"అలాగా."

"ఓట్లయ్యాక కార్ఖానా ఇళ్ళ కాగితాలు తిరగరాస్తున్నాం. ఎవరికి ఏ ఇల్లు, ఎవరికి ఏ పని, అన్నీ. మీ అబ్బాయిది పైనే పెట్టించాను. నువ్వేం బెంగ పెట్టుకోకు."

బెంగ పెట్టుకోకు అన్నాక పెట్టుకోకుండా ఎలా ఉంటుంది? వేలికి చుట్టుకున్న బద్దను తిరిగి తొట్టిలో పడేసి అతను లేచి వెళ్ళాడు. షెడ్డు ఆ చివర కొడుకు పాలిష్ గుడ్డ రుద్దే చప్పుడు అంతసేపూ ఆగి ఉంది. మేస్త్రీ బూట్లు గడప దాటాక మళ్ళీ మొదలైంది, మొదటికన్నా వేగంగా.

కుర్చీలమ్మ తడిగుడ్డ తీసుకుని పీట తుడిచింది.

చెల్లెలికి చూపు తనకన్నా ముందే పోయింది. అది వాళ్ళమ్మ ఇచ్చిన ఆస్తి, ఇద్దరికీ సమానంగా వచ్చింది. క్రితంసారి ఓట్లకి చెల్లెల్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది తనే. బడి గదిలో పార్టీల ఏజెంట్లు బల్ల మీద వరసగా కూర్చుని ఉండగా ఆఫీసరు, "ఎవరికమ్మా?" అని అడిగాడు. నియమం అలా ఉందట. చెల్లెలు కూరగాయల బేరం ఆడే మామూలు గొంతుతో, "మందుల షాపామెకి," అంది. ఆ బల్ల మీద మేస్త్రీ కూడా ఉన్నాడు. నెల తిరక్కుండా, ఇదే కార్ఖానాలో పనిచేసే చెల్లెలి మొగుణ్ణి అడవి పక్కన ఉన్న కలప డిపోకి పంపించారు. సామాను లారీ వచ్చిన రోజు వీధిలో ఒక్క తలుపు తెరుచుకోలేదు. మందుల షాపామె మాత్రం షాపు వదిలి వచ్చి, కంట్లో వేసుకునే చుక్కల సీసా చెల్లెలి చేతిలో పెట్టి, మూత ఎటు తిప్పాలో ఆమె వేళ్ళు పట్టుకుని చూపించింది. లారీ కదిలినా కుర్చీలమ్మ చెల్లెలి చెయ్యి వదల్లేదు. కూడా నడిచింది, తరవాత పరిగెత్తింది. "వదిలెయ్ వదినా, పడిపోతావు," అని మరిది అరిస్తే అప్పుడు వదిలింది.

ఈసారి కూడా మందుల షాపామె నిలబడింది.

మర్నాడు కోడలు కంటి డాక్టరు దగ్గరికని చెప్పి బయల్దేరదీసింది. కోడలు ఇంట్లో మిషను పెట్టుకుని కుర్చీలకి దిండ్లు కుడుతుంది. ఆమె నోటికి మాత్రం కుట్టు పడదంటాడు కొడుకు. డాక్టరు ఊళ్ళో లేడని కోడలికి ముందే తెలుసు. లైబ్రరీ హాల్లో కొత్త పద్ధతి చూపిస్తున్నారని కూడా తెలుసు.

హాల్లో ఫ్యాను కింద ఒక ఆఫీసరమ్మ కూర్చుని ఉంది. గొంతు లేతగా ఉంది, అరిచి అరిచి కాస్త బొంగురుపోయింది.

"ఇది చిల్లుల అట్ట మామ్మగారూ. ఓటు కాగితం దీని మడతలో దూర్చి ఇస్తాం. ఇదిగో, ఈ మూల కత్తిరించి ఉంది, వేలు పెట్టి చూడండి. కత్తిరించిన మూల మీ కుడిచేతి వైపు పైకి ఉంటే అట్ట సరిగ్గా పట్టుకున్నట్టు. పేర్లు వరసగా చదివి చెబుతాను. మీకు కావలసిన పేరు ఎన్నోదైతే అన్నో చిల్లులో ముద్ర వెయ్యండి. అట్ట తీసేసి, కాగితం మడిచి, పెట్టెలో వెయ్యండి. అంతే."

కుర్చీలమ్మ అట్ట అంచు వెంట వేలు పోనిచ్చింది. చిల్లులు ఏడు. అంచులు నున్నగా ఉన్నాయి, ఎవరో శ్రద్ధగానే కోశారు.

"అప్పుడు నువ్వెక్కడుంటావు తల్లీ?"

"నా కుర్చీలో."

"తొంగి చూడవా?"

"చూస్తే నన్ను జైల్లో పెడతారు."

"ఆ మాట ఇంకోసారి చెప్పండి మేడం, వినడానికి హాయిగా ఉంది," అంది కోడలు.

ఆఫీసరమ్మ నవ్వి గొంతు తగ్గించింది. "ఆ పాత నియమం ఎవరో తాతల కాలంలో రాశారు. చూపు లేనివాళ్ళకి గుట్టు మాత్రం ఎందుకు అనుకున్నారో ఏమో. ఇన్నాళ్ళకి తీసేశారు. ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని పడ్డాయో విడిగా చెప్పడం కూడా తీసేశారు. పెట్టెలన్నీ ఒకచోట గుమ్మరించి, కలిపేసి లెక్కపెడతారు. మీ వీధి ఓటు ఏదో, పక్క వీధి ఓటు ఏదో లెక్కపెట్టేవాళ్ళకే తెలియదు."

"మరి తోడు తప్పదంటున్నారు?"

"ఎవరన్నారు? మీరు కావాలంటేనే. బల్ల దగ్గర నేను అడుగుతాను, మీరే చెప్పాలి. మీ బదులు ఇంకొకరు చెబితే నేను రాసుకోను."

"ఏజెంట్లు ఉంటారా అక్కడ?"

"ఉంటారు."

"వాళ్ళ ముందే చెప్పాలా?"

ఆఫీసరమ్మ అట్టను వెనక్కి తీసుకుంది. "ఆ ఒక్క మాట చెప్పాలి మామ్మగారూ. కావాలి, లేకపోతే వద్దు."

ఇంటికి వచ్చే దారంతా కుర్చీలమ్మ ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగింది. తోడు వద్దంటే ఏమిటి అర్థం? కొడుకు చేత వేయించుకోవడం ఇష్టం లేదని. ఎందుకు లేదు? ఇంట్లోవాళ్ళకి కూడా తెలియకూడనిది ఏదో ఉందని. అంత మాత్రం పోల్చుకోలేనివాడు మేస్త్రీ ఎందుకవుతాడు? చట్టం రాసినవాళ్ళు తలుపులన్నీ మూశారు గానీ గొళ్ళెం మాత్రం తన చేతిలో పెట్టారు. అది వేసే చప్పుడు వీధంతా వినబడుతుంది.

"ఏంటత్తయ్యా, మీలో మీరే గొణుక్కుంటున్నారు?"

"ఏం లేదు. చెప్పు తెగేట్టుంది."

"చెప్పు బాగానే ఉంది. నడవండి."

కోడలు దిండ్ల దూది వచ్చిన అట్టపెట్టె కోసి, దబ్బనంతో చిల్లులు పొడిచి, మూల కత్తిరించి అచ్చం అలాంటిదే తయారుచేసింది. బడి గోడ మీద అంటించిన పోటీదార్ల పేర్ల వరస చదువుకుని వచ్చింది. నాలుగో పేరు చిన్నయ్యగారిది. ఆరోది మందుల షాపామెది. బట్ట మీద గీతలు గీసే సుద్దముక్క అత్తగారి చేతికిచ్చి, "ఆరోదాంట్లో వెయ్యండి చూద్దాం," అంది.

కుర్చీలమ్మ వేసింది.

"ఇది నాలుగోది."

మళ్ళీ వేసింది.

"మళ్ళీ నాలుగోదే."

మూడోసారి కోడలు ఆమె చేతిని కనిపెట్టి చూసింది. వేళ్ళు కత్తిరించిన మూల తడిమాయి, పై చిల్లు దగ్గర మొదలుపెట్టాయి. ఒకటి, రెండు అంటూ కొంచెం దిగి, తరవాత తమంతట తామే జారి మధ్య చిల్లు మీద ఆగిపోయాయి. మరెలా ఆగవు? చట్రం చేతికి రాగానే అల్లేవాళ్ళు మొదట వెతికేది మధ్య చిల్లునే. మొదటి బద్ద అక్కడ దిగితేనే అల్లిక రెండు వైపులా సమంగా వస్తుంది. పక్కన మొదలుపెడితే కుర్చీ మొత్తం ఓరగా పోతుంది. పెళ్ళయిన ఏడు మొదలు ఆ చెయ్యి చేసిన పని అదొక్కటే.

కోడలు నవ్వాపుకోలేకపోయింది. "మీ మనసేమో మందుల షాపులో ఉంది అత్తయ్యా. చెయ్యి మాత్రం చిన్నయ్యగారి జీతం తింటోంది."

"నవ్వకే. అక్కడ కూడా ఇలాగే చేస్తే?"

"చేస్తే మేస్త్రీ గారు మీకు సన్మానం చేస్తారు."

కుర్చీలమ్మకి నవ్వు రాలేదు. అట్టను ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టింది. ఒక్కో చిల్లు దగ్గరా గోరు నొక్కి, పైకి లెక్క చెబుతూ దిగింది. కొన్నిసార్లు ఆరు వచ్చింది. కొన్నిసార్లు నాలుగు దగ్గరే చెయ్యి మొరాయించింది.

కొడుకు పనినుంచి వచ్చేసరికి ఆమె అదే పనిలో ఉంది. పాలిష్ వాసన ముందు వచ్చింది, మనిషి వెనక వచ్చాడు. అట్ట తీసి తిప్పి చూశాడు.

"ఏంటిది?"

"మీ అమ్మగారిని బళ్ళో వేశాను," అంది కోడలు పొయ్యి దగ్గరనుంచి. "ఇంకా నాలుగో తరగతి దాటడం లేదు."

అతను నవ్వలేదు. అట్టను గూట్లో పెట్టి తల్లి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, నన్ను తోడు తీసుకెళ్ళు."

"అవసరం లేదటరా. ఆఫీసరమ్మ చెప్పింది."

"అవసరం నీకు లేదు. నాకుంది." వేళ్ళకి అంటిన పాలిష్ గోకుతున్నట్టున్నాడు, గోళ్ళ చప్పుడు వినిపించింది. "ఎవరికి వేశారని మేస్త్రీ అడగడు. లోపలికి వెళ్ళావా అని ఒక్క మాటే అడుగుతాడు. లేదంటే ఏం చెప్పను?"

"రానివ్వలేదని చెప్పు."

"బల్ల మీద ఆయనే కూర్చుని ఉంటాడు. నువ్వు వద్దనడం ఆయన చెవులతోనే వింటాడు."

"నువ్వు వస్తే ఎవరికి వేస్తావు?"

పొయ్యి దగ్గర గరిటె చప్పుడు ఆగింది.

"పిన్నివాళ్ళని పంపేశాక ఆ ఇంట్లోకి ఎవరొచ్చారు? మేస్త్రీ తోడల్లుడు," అన్నాడు కొడుకు. "నన్ను కూడా పంపేస్తే ఏం చేస్తావమ్మా? అక్కడ ఇంకో పీట వేసుకుంటావా?"

ఆ మాట అని అతనే ఉలిక్కిపడ్డాడు. ఆమె చెయ్యి పట్టుకోబోయి మానేశాడు. కుర్చీలమ్మ చాలాసేపు కొంగు అంచు మడతలు పెడుతూ, విప్పుతూ కూర్చుంది. చెల్లెలి దగ్గరనుంచి వర్షాలకి ముందు కబురొచ్చింది, చుక్కలు అయిపోయాయని. ఆ తరవాత లేదు.

"సరే," అంది. "నువ్వే రా. నీ ఇష్టం వచ్చినట్టు వెయ్యి. లే, చేతులు కడుక్కో."

కోడలు ఆ పూట కంచాలు కాస్త గట్టిగా పెట్టింది.

ఆదివారం బడి వరండాలో వరస మెల్లగా కదిలింది. కొడుకు ఆమె మోచెయ్యి కింద చెయ్యి వేసి నడిపించాడు. గుమ్మం దాటగానే లోపలి చల్లదనం, సుద్దపొడి వాసన తగిలాయి. పొగ పక్కనుంచి బల్ల కాళ్ళు కనబడ్డాయి, బల్ల కింద బూట్లు, చెప్పులు. ఆ బూట్లు కిర్రుమన్నాయి.

"రా పెద్దమ్మా, జాగ్రత్త, గడప. మేడం, ఈవిడకి చూపు లేదు. అబ్బాయి వెంట ఉన్నాడు, తోడు రాసుకోండి."

"ఆవిణ్ణి చెప్పనివ్వండి," అంది బొంగురు గొంతు. "మామ్మగారూ, మీకు లోపలికి తోడు కావాలా?"

కావాలి అన్న మాట నాలుక మీద సిద్ధంగా ఉంది. దారంతా దాన్నే అనుకుంటూ వచ్చింది. మూడక్షరాల మాట అనడానికి ఎంతసేపు పట్టాలి? అనేస్తే అయిపోతుంది. కొడుకు వెళ్ళి ఏదో ఒకటి వేస్తాడు. ఇల్లుంటుంది, పొయ్యి వెలుగుతుంది, సాయంత్రం పాలిష్ వాసన గుమ్మంలోకి వస్తుంది. ఆమె నోరు తెరిచింది. మందుల షాపామె వేళ్ళ మధ్య చెల్లెలి వేళ్ళు, మూత తిరుగుతూ ఉండటం గుర్తొచ్చింది. ఎవరో దగ్గారు. వెనక వరసలో ఎవరో విసుక్కున్నారు.

అప్పుడు మోచెయ్యి కింద కొడుకు వేళ్ళు ఒక్కసారి బిగుసుకున్నాయి. చిన్నగా కిందికి ఒక లాగు. కుర్చీ కింద కూర్చున్న మనిషి బద్ద అందుకుని, అందింది అని చెప్పే లాగు అది. ఎన్ని వేల చిల్లుల్లో ఆ లాగు కోసం ఆగిందో ఆమె వేళ్ళకే తెలుసు. చిన్నప్పుడు వాడు ఆ కుర్చీల కిందే పాకుతూ పెరిగాడు.

ఆ తరవాత ఆ చెయ్యి వదిలేసింది. వెనక్కి ఒక అడుగు పడిన చప్పుడు వినిపించింది.

"వద్దు తల్లీ," అంది కుర్చీలమ్మ. "అట్ట ఇవ్వు."

బల్ల కిర్రుమంది. "పెద్దమ్మా, కంగారుపడుతున్నావు. అదంతా నీకు..."

"ఏజెంటుగారూ, కూర్చోండి," అంది ఆఫీసరమ్మ. తరవాత పేర్లు ఏడూ నిదానంగా చదివింది. ఏ పేరూ నొక్కి పలకలేదు. అట్ట ఒక చేతిలో, ముద్ర ఇంకో చేతిలో పెట్టి, అట్టపలకల మరుగుదాకా నడిపించి వెళ్ళిపోయింది.

మరుగులో ఆమె ఒక్కతే ఉంది. తన గుండె చప్పుడు బయటికి వినబడుతుందేమోనని భయం వేసింది. కత్తిరించిన మూల వెతికింది. కుడివైపు, పైన. మళ్ళీ వెతికింది. అక్కడే ఉంది. వేలు దిగింది, జారింది, ఆగింది. ముద్ర ఎత్తింది. ఎత్తిన ముద్ర అలాగే ఉండిపోయింది. చిల్లు ఇంత సుఖంగా వేలికి అమరిందంటే ఇది మధ్యది. అమ్మో.

ముద్రను కొంగులో చుట్టి నడుముకి దోపుకుని, రెండు చేతులూ అట్ట మీద వేసింది. ఎడమచేతి వేలు పై చిల్లులో పెట్టి, అది అందుకున్నాకే కుడిచేతి వేలిని తరవాతి దానిలోకి దింపింది. కింది మనిషీ తనే, పై మనిషీ తనే. అలా ఒకదాని వెనక ఒకటి, తొందరపడకుండా, మధ్య చిల్లు దాటించి దిగింది. ఆరోదాంట్లో ఎడమ వేలు ఆగింది. వేలు తీసిన చోట ముద్ర గట్టిగా నొక్కింది.

కాగితం మడిచి పెట్టెలో వేసి బయటికి వచ్చింది. అట్ట తిరగేసి పట్టుకున్నానా? మూల కుడివైపేనా? అడుగుదామంటే చూసినవాళ్ళు లేరు. లోకంలో ఆ సంగతి చెప్పగలిగినవాళ్ళు ఒక్కరూ లేరని వరండాలో తట్టింది. ఆ తట్టడంలో బెంగ ఎంతో, తేలిక కూడా అంత ఉంది. కొడుకు మోచెయ్యి అందించాడు. ఇంటిదాకా ఇద్దరూ ఎండ గురించి మాట్లాడుకున్నారు.

మర్నాడు పెట్టెలు ఇంకా తెరవలేదు. కార్ఖానాలో ఎవరి పని వాళ్ళు చేస్తూ గుమ్మం వైపు చూస్తున్నారు. కుర్చీలమ్మ కొత్త చట్రం ముందు వేసుకుని, మధ్య చిల్లులో మొదటి బద్ద దింపింది. ఎడమచెయ్యి కిందికి పోనిచ్చేలోగా బద్ద దానంతటదే బిగుసుకుంది.

కింద ఎవరో ఉన్నారు. పాలిష్ వాసన.

"ఆ పీట మీద..." అంది ఆమె.

"రెండో పూత ఆరేదాకా నాకు పని లేదమ్మా," అన్నాడు కొడుకు. "కానియ్."

నాలుగైదు బద్దలు దిగాయో లేదో, కిర్రుమంటూ బూట్లు వచ్చాయి. పీట దగ్గరికి వచ్చి ఆగాయి. కూర్చోవడానికి చోటు లేదు. మేస్త్రీ నిలబడే మాట్లాడవలసి వచ్చింది.

"ఏమోయ్, నిన్న వెనక్కి తగ్గావే?"

"ఆవిడే చెప్పాలన్నారుగా సార్. మీరూ విన్నారు. కొత్త చట్టం, నేనేం చేస్తాను?"

మేస్త్రీ వంగి ఎప్పటి మెత్తని గొంతుతో అడిగాడు. "పోనీ నువ్వు చెప్పు పెద్దమ్మా. ఎవరికి వేశావు?"

కుర్చీలమ్మ బద్ద తడి చూసుకుంది. గుండె నిన్నటిలాగే కొట్టుకుంటోంది. చేతులు మాత్రం కుదురుగా ఉన్నాయి.

"నువ్వు చెప్పినవాళ్ళకే నాయనా."

నిక్షేపంలాంటి అబద్ధం. అది అబద్ధమని చెప్పడానికి ఆఫీసరు లేడు, బల్ల లేదు, విన్న చెవి లేదు. పెట్టె తెరిచి గుమ్మరించినా దాని పక్కన ఆమె పేరు ఉండదు. మేస్త్రీ ఆమె మొహంలోకి చూస్తున్నాడని తెలుస్తూనే ఉంది. చూడనీ. ఆమెకి అక్కడ కనబడేది పొగ. ఇవాళ అతనికి కూడా అంతకన్నా ఎక్కువ కనబడటం లేదు.

"నిజమేనా?"

"నీతో అబద్ధం ఎందుకు నాయనా?"

బూట్లు ఇంకాసేపు నిలబడ్డాయి. అటు తిరిగాయి, ఇటు తిరిగాయి. ఇళ్ళ కాగితాల మాట ఎత్తబోయి మానుకున్నట్టు ఒక చిన్న దగ్గు. ఆ తరవాత గడప దాటి వెళ్ళిపోయాయి. రేపు అతను ఏం చేస్తాడో చెప్పలేం. ఆ భయం ఎక్కడికీ పోలేదు, తొట్టిలో బద్దల్లాగా ఇంకా నానుతూనే ఉంది.

కుర్చీలమ్మ కొడుకు అడుగుతాడని ఎదురుచూసింది. అమ్మా, అసలు ఎవరికి వేశావు అని. అతను అడగలేదు. కింద కూర్చుని చెయ్యి చాచి ఉన్నాడు.

ఆమె బద్దను చిల్లులోకి దింపి పట్టుకుంది. కిందనుంచి చిన్న లాగు వచ్చింది.

వదిలింది.